కెమెరా కొని 14 నెలలైంది. అందరూ ఊరికే తీసిపెట్టమనేవాళ్లే. ఆదివారాల్లో నెలకి 6 వేలైనా వచ్చే దారి ఉందా?

కొవ్వూరు_కెమెరా
ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. జీతం 28 వేలు. పోయిన ఏడాది వాయిదాల మీద కెమెరా కొన్నాను. దాంతో వచ్చిన లెన్స్ ఒకటి, విడిగా కొన్న 50 ఎంఎం ఒకటి ఉన్నాయి. ఇంకా 5 వాయిదాలు కట్టాలి.

మా బావమరిది గృహప్రవేశానికి 600 ఫోటోలు తీశాను. తెల్లవారుజామున ఆవుని లోపలికి తీసుకెళ్లిన దగ్గర్నుంచి మధ్యాహ్నం బంతి లేచేదాకా నిలబడే ఉన్నాను. తర్వాత మూడు రాత్రులు కూర్చుని రంగులు సరిచేశాను. "బాగున్నాయి బావా, అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చెయ్" అన్నాడు, అంతే. ఆ ఫోటోలు చూసి వాళ్ల తోడల్లుడు బారసాలకి పిలిచాడు. అదీ ఊరికే. పెట్రోలుకి ఇవ్వాలా అని కూడా ఎవరూ అడగరు. మా ఆవిడ ఏమీ అనదు. కానీ వాయిదా కట్ అయిన మెసేజ్ వచ్చినప్పుడు నా వైపు ఒకసారి చూస్తుంది.

ఫోటోలు అమ్మిపెట్టే ఒక స్టాక్ సైట్‌లో 212 ఫోటోలు పెట్టాను, 130 తీసుకున్నారు. ఎక్కువ గోదావరి మీద సూర్యాస్తమయాలు, పాత హేవలాక్ వంతెన, పడవలు. 7 నెలల్లో 4 డాలర్ల 18 సెంట్లు వచ్చాయి. అది చేతికి రావాలంటే ఇంకా ఎన్నేళ్లు పడుతుందో.

ఉద్యోగం మానే ఉద్దేశం లేదు. ఆదివారాలు, సెలవులు మాత్రం ఉన్నాయి. నిజంగా సంపాదిస్తున్నవాళ్లు ఎలాగో చెప్పండి. యూట్యూబ్‌లో "నెలకి లక్ష" అనేవాళ్ల మాటలు చాలా విన్నాను, అవి వద్దు.

కరీంనగర్_కిరణ్
అన్నా, పెన్‌డ్రైవ్ బాధ ఇక్కడ అందరిదీ. నేను మా మేనమామ కూతురి పెళ్లికి రెండు రోజులు తీస్తే పెన్‌డ్రైవ్ కూడా నన్నే కొనుక్కురమ్మన్నారు.

పులికాట్_పక్షి
స్టాక్ సంగతి నేను చెబుతాను. ఆరేళ్లుగా పెడుతున్నాను, ఇప్పటికి 1,900 ఫోటోలు ఉన్నాయి. మంచి నెలలో 4 వేలు, మామూలు నెలలో 2 వేలు వస్తుంది. ఇది జీతంలా రాదు, చెట్టు పెట్టి కాయ కోసం చూసినట్టు ఉంటుంది.

నాది సూళ్లూరుపేట పక్క. నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో ఫ్లెమింగోలు, వాటి కోసమే కెమెరా పట్టాను. ఆ పక్షుల ఫోటోల మీద వచ్చింది మొత్తం కలిపినా ఒక లెన్స్ అద్దెకి సరిపోదు. అమ్ముడుపోయేవి ఏవో తెలుసా? కళ్లంలో మిరపకాయలు ఆరబోస్తున్న ఆడవాళ్లు, ఖాళీ బడి గదిలో బల్లలు, బీపీ చూస్తున్న నర్సు చేతులు, పొలం గట్టు మీద ఫోన్ చూస్తున్న రైతు. పత్రికకో, బ్యాంకు ప్రకటనకో, ఏదో సంస్థ నివేదికకో అవి కావాలి. సూర్యాస్తమయం ప్రపంచంలో ప్రతి ఊళ్లోనూ ఉంది కదా. గుంటూరు మిర్చి యార్డు మన దగ్గరే ఉంది.

ఒక మెలిక ఉంది. ముఖం గుర్తుపట్టేలా ఉంటే వాళ్ల సంతకంతో మోడల్ రిలీజ్ కాగితం కావాలి. అది లేకపోతే వార్తలకి వాడుకునే ఎడిటోరియల్ కిందే తీసుకుంటారు, ప్రకటనలకి పనికిరాదు. నేను ఎప్పుడూ బ్యాగ్‌లో పది కాగితాలు పెట్టుకుంటాను. ఎందుకు సంతకమో తెలుగులో చదివి వినిపిస్తాను, ఆ రోజు కూలి ఎంతో అంత చేతిలో పెడతాను. ఒప్పుకోనివాళ్లని తీయను.

కొవ్వూరు_కెమెరా
పక్షి గారూ, కీవర్డ్‌లు ఎలా రాస్తున్నారు? నేను "రివర్, సన్‌సెట్, బ్యూటిఫుల్" లాంటి ఓ పదిహేను రాసి వదిలేశాను.

పులికాట్_పక్షి
అక్కడే పోయింది. అడోబ్ స్టాక్‌లో 49 దాకా ఇవ్వచ్చు, మొదటి పదికి బరువెక్కువ. "బ్యూటిఫుల్" అని వెతికే కొనుగోలుదారు ఉండడు. "గోదావరి", "ఆంధ్రప్రదేశ్", "ఇసుక పడవ", "బొగ్గు పొయ్యి", "చేతి పంపు" అని వెతుకుతాడు. వస్తువు పేరు, ఊరి పేరు, చేస్తున్న పని, ఈ మూడూ ముందు రాయండి.

ఇంకొకటి, వాటా. అడోబ్‌లో ఫోటోకి 33 శాతం. షట్టర్‌స్టాక్ 2020 జూన్ నుంచి మెట్ల పద్ధతి పెట్టింది. 15 శాతంతో మొదలై 40 దాకా వెళ్తుంది, ఏటా జనవరి 1న మళ్లీ కింది మెట్టుకి తెస్తుంది. అందుకే డిసెంబరులో వచ్చింది చూసి లెక్కలు వేసుకోకూడదు.

ఆడిటర్_ఆంజనేయులు
స్టాక్ మాట వచ్చింది కాబట్టి. అమెరికా కంపెనీలకి డబ్ల్యూ-8బెన్ ఫారం నింపారా? అది నింపకపోతే అక్కడి అమ్మకాల మీద 30 శాతం పన్ను పట్టుకుంటారు. నింపి పాన్ నంబరు ఇస్తే రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15 శాతం. పది నిమిషాల పని. చాలామంది అర్థం కాక వదిలేస్తున్నారు.

కొవ్వూరు_కెమెరా
నింపలేదు సార్. ఈ రాత్రికే కూర్చుంటాను.

సూర్యాపేట_స్టూడియో
22 ఏళ్లుగా స్టూడియో నడుపుతున్న. ఈ మాట చెబితే కొందరికి నచ్చదు, అయినా చెబుతా. ఆదివారం ఫోటోగ్రాఫర్ల వల్ల మా బతుకు దెబ్బతింటున్నది.

నా లెక్క చూడండి. షాపు అద్దె, ఇద్దరు పిల్లల జీతం, కరెంటు, ఆల్బమ్ ప్రింటు, ఏడాదికోసారి ఏదో ఒక కెమెరా రిపేరు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు. దానికి తోడు మూఢం వస్తే రెండు నెలలు ఖాళీ. ఆ ఖాళీ నెలల అద్దె కూడా మాఘ, ఫాల్గుణాల్లో తీసిన పెళ్లిళ్లలోనే రావాలి. ఉద్యోగం ఉన్నవాడు వచ్చి "నేను 8 వేలకి పెళ్లంతా తీస్తా" అంటే వాడికి అది పైసంపాదన. నాకు అదే అన్నం.

పోయిన వేసవిలో మా పక్క మండలంలో ఒక పెళ్లి. తెలిసిన పిల్లవాడని తక్కువకి పెట్టుకున్నారు. ఒకే మెమరీ కార్డు ఉన్న కెమెరా. కార్డు పోయింది. జీలకర్ర బెల్లం లేదు, మాంగళ్యధారణ లేదు. తలంబ్రాలు మాత్రం ఎవరో ఫోన్‌లో తీసినవి దొరికినయి. ఆ పెళ్లికూతురు తండ్రి నా దగ్గరకి వచ్చి "ఏమన్నా చేయొచ్చా అన్నా" అని అడిగిండు. ఏం చేస్తాం? ముహూర్తం మళ్లీ రాదు. ఆయన కుర్చీలో కూర్చున్న తీరు నాకు ఇంకా కళ్ల ముందే ఉన్నది.

కాబట్టి తమ్మీ, సంపాదించు, వద్దనను. పెళ్లి మాత్రం ఒక్కడివే ఒప్పుకోకు.

లెన్స్_లక్ష్మి
స్టూడియో బాబాయ్ గారి బాధ నాకు అర్థమవుతుంది, కార్డు విషయంలో నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. ఆదివారం వాళ్లందరినీ ఒకే గాటన కట్టడం మాత్రం ఒప్పుకోను. నేనూ ఆదివారం దాన్నే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, శని ఆదివారాలు ఫోటోలు. నాలుగేళ్లలో ఒక్క పెళ్లి కూడా తీయలేదు.

స్టూడియోలు ఇష్టపడని పనులు చాలా ఉన్నాయి. ఇంట్లో 40 మందితో బారసాల, అన్నప్రాసన, మొదటి పుట్టినరోజు, సీమంతం. వీటికి వీడియో, డ్రోన్, ఎల్ఈడీ స్క్రీన్ అక్కర్లేదు. పెద్ద స్టూడియోలు వీటికి మనిషిని పంపితే గిట్టదు. నేను 3 గంటలకి 6 వేలు తీసుకుంటాను. 60 ఫోటోలు సరిచేసి పదో రోజుకి ఇస్తాను. ఆల్బమ్ కావాలంటే మా వీధిలో స్టూడియో ఆయనకి పంపిస్తాను, ఆయనకి పెళ్లిళ్లు కాక వేరే చిన్న పనులు వస్తే నాకు పంపిస్తారు. సీమంతాలకీ, పసిపిల్లలకీ ఆడమనిషి అయితే బాగుంటుందని చాలా ఇళ్లవాళ్లు అడిగి మరీ పిలుస్తారు.

చుట్టాల సంగతి కూడా చెబుతాను. ఉచితమా, డబ్బా అనే మాట మనమే ముందు తేల్చాలి. "అత్తయ్యా, నేను అతిథిగా రావాలా, కెమెరాతో రావాలా? కెమెరాతో అయితే ఇంత అవుతుంది" అని ఫోన్‌లోనే అడిగేస్తాను. మొదట్లో గొంతు వణికేది. ఇద్దరు నొచ్చుకున్నారు. మిగతావాళ్లు "సరే అమ్మా, అతిథిగా రా" అన్నారు. అప్పుడు నేను హాయిగా భోంచేసి వస్తున్నాను.

సూర్యాపేట_స్టూడియో
లక్ష్మమ్మా, నువ్వు చేసే పద్ధతి మంచిది. నేను అన్నది పెళ్లిళ్ల గురించి. మాట కొంచెం గట్టిగా వచ్చింది.

కరీంనగర్_కిరణ్
నేను మూడో దారి. సెకండ్ షూటర్‌గా వెళ్తాను. మెయిన్ ఫోటోగ్రాఫర్ మండపంలో ఉంటాడు, నేను క్యాండిడ్ తీస్తాను. అమ్మమ్మ కళ్లు తుడుచుకోవడం, చిన్నపిల్లలు చెప్పులు దాచడం, అప్పగింతలప్పుడు తండ్రి చేతులు. రోజుకి 3,000, భోజనం. ముహూర్తాలున్న నెలలో నాలుగు రోజులు దొరుకుతాయి. కార్డులు అక్కడికక్కడే వాళ్లకి ఇచ్చేసి ఇంటికి వచ్చేస్తాను, ఎడిటింగ్ తలనొప్పి లేదు. పొరపాటు జరిగినా మెయిన్ మనిషి ఉంటాడు కాబట్టి గుండె మీద బరువుండదు. నేర్చుకున్నదంతా అక్కడే.

కొవ్వూరు_కెమెరా
కిరణ్, ఒక సందేహం. మొన్న ఫంక్షన్ హాల్లో తీస్తే ఫోటోల మీద అడ్డంగా నల్లని చారలు వచ్చాయి. కెమెరా పాడైందని భయపడ్డాను.

సూర్యాపేట_స్టూడియో
కెమెరాకి ఏమీ కాలేదు. ఎల్ఈడీ లైట్లు. షట్టర్ స్పీడ్ 1/100 లేదా 1/50 పెట్టు, చాలావరకు పోతయి. మా పిల్లలకి మొదటి రోజు చెప్పే పాఠం ఇదే.

కొవ్వూరు_కెమెరా
అవును కదా! మన కరెంటు 50 హెర్ట్జ్, వెలుగు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంది. 1/100 పెడితే ఒక పూర్తి చుట్టు సరిగ్గా పడుతుంది. ఇంటర్ పిల్లలకి ఏసీ కరెంటు పాఠం చెబుతూ ఇది తట్టలేదు నాకు. రేపు క్లాసులో ఆ చారల ఫోటోనే చూపిస్తాను.

గుంటూరు_పద్మ
నేను ఫోటోగ్రాఫర్‌ని కాదు, ఫోటోలకి డబ్బిచ్చేదాన్ని. ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. మా వైపు నుంచి కూడా వినండి.

నాలాంటి వాళ్లకి ఫోటోలు నెలనెలా కావాలి. అమెజాన్‌లో మొదటి ఫోటోకి వెనక పూర్తి తెలుపు ఉండాలి, వస్తువు ఫోటోలో 85 శాతం నిండాలి. అది ఫోన్‌తో నాకు రాలేదు. సీసా మీద ట్యూబులైటు మెరుపు, వెనక గోడ పసుపు. 40 రకాలకి ఫోటోకి 150 చొప్పున ఒకరికి ఇచ్చాను. ఆయన చాలా కళాత్మకంగా తీశారు. ఎండుమిరపకాయలు, రాగి చెంబు, పట్టుచీర అంచు, అన్నీ పెట్టారు. గోంగూర పచ్చడి మాత్రం చాక్లెట్ రంగులో వచ్చింది. ఆవకాయ నారింజ పండులా మెరిసింది. సీసా తెరిచిన వాళ్లు "ఫోటోలో ఉన్నది ఇది కాదు" అని రాశారు. మళ్లీ అన్నీ తీయించుకోవాల్సి వచ్చింది.

రెండో అబ్బాయి ఒక తెల్లగుడ్డ, రెండు లైట్లు, రంగు సరిచూసుకోవడానికి ఒక బూడిదరంగు కార్డు తెచ్చాడు. ప్రతి సీసా పక్కన కార్డు పెట్టి ఒకటి, తీసేసి ఒకటి. గోంగూర గోంగూరలా వచ్చింది. చెప్పిన టైముకి వచ్చాడు, చెప్పిన రోజుకి ఇచ్చాడు. ఇప్పటికి ఐదుసార్లు పిలిచాను. ఫోటోలో అందం కంటే రంగు నాకు ముఖ్యం, రంగు చూసే జనం కొంటారు.

కొవ్వూరు గారూ, మీరు గోదావరి జిల్లాలో ఉండి గిరాకీ లేదంటున్నారేంటి? విజ్జేశ్వరం వైపు బ్యారేజీ దాటితే బొబ్బర్లంక, ఆ పక్కనే ఆత్రేయపురం. పూతరేకులకి 2023లో జీఐ, అంటే ఆ ఊరి ప్రత్యేకత అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ ఇంటింటా తయారీయే. ఎంతమంది పెట్టెల మీద సరైన ఫోటో ఉందో ఒకసారి చూసి రండి.

లెన్స్_లక్ష్మి
పద్మ గారు చెప్పిన బూడిదరంగు కార్డు మాట రాసి పెట్టుకోండి అందరూ. రెండు మూడు వందల్లో దొరుకుతుంది.

విశాఖ_వాసు
నేను డ్రోన్ కొందామనుకుంటున్నాను. పెళ్లిళ్లకీ, రియల్ ఎస్టేట్ వెంచర్లకీ బాగా అడుగుతున్నారు కదా. ఎవరైనా చేస్తున్నారా?

ఆడిటర్_ఆంజనేయులు
మా తమ్ముడు చేస్తాడు. 2021 డ్రోన్ నిబంధనలు చదివి దిగండి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతకంటే బరువైనదానితో డబ్బు తీసుకుని పని చేయాలంటే పౌర విమానయాన సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకుని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పైగా మీది విశాఖ. విమానాశ్రయం నేవీది, ఊళ్లో చాలా భాగం అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటే. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ వీధి ఏ రంగులో ఉందో ముందు చూసుకోండి.

విశాఖ_వాసు
చూశాను. ఎరుపు. మా ఇల్లు కూడా ఎరుపులోనే ఉంది. ఆ డబ్బుతో 85 ఎంఎం లెన్స్ కొనుక్కుంటాను.

ఫ్రిస్కో_శ్రీను
ఇక్కడ డాలస్ పక్కన మన పిల్లల గ్రాడ్యుయేషన్, హాఫ్ శారీ ఫంక్షన్లు, కుటుంబ ఫోటోలు చాలా ఉంటాయి. మే నెలలో శనివారాలు ఖాళీ ఉండవు. ఇక్కడివాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు పక్క సంపాదన చేయకూడదు. వీసాకి స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప ఇంకో పనికి డబ్బు తీసుకుంటే స్టేటస్‌కే ముప్పు. స్నేహితుల మధ్య డబ్బులే కదా అనుకోవద్దు. మా ఇంట్లో నా భార్యకి హెచ్4 ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి ఉంది, అందుకని పని ఆవిడదే, డబ్బూ ఆవిడదే. నేను లైట్ స్టాండ్ మోస్తాను, ఆవిడ తీసే ఫోటోలు చూస్తే నాకు గర్వంగా ఉంటుంది.

పంతులు_పాలకొల్లు
నేను ప్రభుత్వ టీచర్‌ని. నేనూ ఆదివారాలు ఇలా చేయచ్చా?

ఆడిటర్_ఆంజనేయులు
1964 ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం కానీ వేరే పని కానీ చేయకూడదు. రాతపూర్వకంగా అడిగి, అనుమతి చేతికి వచ్చాకే మొదలుపెట్టండి. కొవ్వూరు గారిది ప్రైవేటు కాబట్టి ఆయన అపాయింట్‌మెంట్ ఉత్తర్వులో ఏముందో చూసుకోవాలి.

ఇక జీఎస్టీ గురించి నాకు ముగ్గురు మెసేజ్ పెట్టారు. సేవలకి ఏడాది రాబడి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్, మన రెండు రాష్ట్రాల్లోనూ అంతే. ఇక్కడ పనులు చేసేవాళ్లలో చాలామందికి ఆ టెన్షన్ అక్కర్లేదు. ఆదాయపు పన్ను రిటర్నులో మాత్రం ఈ డబ్బు చూపించాలి. లెన్స్ బిల్లులు, అద్దె రసీదులు దాచుకోండి.

కరీంనగర్_కిరణ్
ఆడిటర్ గారూ, మేం తీసిన ఫోటోలు మా పేజీలో పెట్టుకోవచ్చా? పోయిన నెల ఒక పెళ్లివాళ్లు తీసేయమన్నారు. తీసింది మేమే కదా, హక్కు మాది కాదా?

ఆడిటర్_ఆంజనేయులు
కాదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చూడండి. ఒకరు అడిగి, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు డబ్బిచ్చినవారే. మీ పేజీలో పెట్టుకోవాలంటే పని ఒప్పుకునే రోజే ఆ మాట కాగితం మీద రాయించుకోవాలి.

సూర్యాపేట_స్టూడియో
22 ఏళ్లలో ఇది నాకు తెల్వదు. షాపు ముందు అద్దంలో ఎన్ని పెళ్లిళ్ల ఫోటోలు పెట్టినమో. రేపటి నుంచి రసీదు పుస్తకంలో ఆ వాక్యం ముద్ర వేయిస్తా.

లెన్స్_లక్ష్మి
నేను వాట్సాప్‌లో ఒకే మెసేజ్ పంపుతాను. తేదీ, గంటలు, ఎన్ని ఫోటోలు, ఎప్పుడిస్తాను, ఎంత, సగం అడ్వాన్స్, మిగతాది ఫోటోలు ఇచ్చే ముందు, పేజీలో పెట్టుకోవచ్చా లేదా. వాళ్లు "సరే" అని రాస్తేనే ఆ రోజు రాసిపెట్టుకుంటాను. ఈ పద్ధతి ఊరికే రాలేదు. ఒకరి ఇంట్లో ఫంక్షన్ అయ్యాక ఫోటోలన్నీ ఇచ్చేసి బ్యాలెన్స్ కోసం నాలుగు నెలలు ఫోన్ చేశాను. చివరికి నేనే అడగడం మానేశాను. ఆ ఇంటి ముందు నుంచి ఆఫీసు బస్సు వెళ్తుంది, ఇప్పటికీ తల తిప్పుకుంటాను.

కరీంనగర్_కిరణ్
అక్కా, తల తిప్పుకోవాల్సింది నువ్వు కాదు.

పులికాట్_పక్షి
కొవ్వూరు గారు మాయమయ్యారు. ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు తింటూ ఉండిపోయారేమో.

కొవ్వూరు_కెమెరా
మూడు వారాలైంది, క్షమించండి. యూనిట్ పరీక్షల పేపర్లు దిద్దాల్సి వచ్చింది. జరిగింది మొత్తం రాస్తాను.

పద్మ గారు చెప్పాక ఆ ఆదివారమే ఆత్రేయపురం వెళ్లాను. కెమెరా బ్యాగ్‌లోనే ఉంచాను. మొదటి ఇంట్లో "ఫోన్‌తో తీసుకుంటున్నాం బాబూ" అన్నారు. రెండో చోట కూర్చోమని ఒక పూతరేకు పెట్టి పంపేశారు. మూడో చోట ఒక పెద్దావిడ, వాళ్లబ్బాయి ఉన్నారు. ఆ అబ్బాయి ఆన్‌లైన్‌లో అమ్మడం కొత్తగా మొదలుపెట్టాడు. వాళ్ల పెట్టె మీదున్న ఫోటో ఎక్కడో దింపుకున్నది, అందులో ఉన్నది వాళ్ల రేకు కూడా కాదు. "మీ ఐటెం ఒకటి ఊరికే తీస్తాను, నచ్చితే మిగతా 18కి ఒక్కోదానికి 200" అన్నాను. ఆ వాక్యం ఇంటి దగ్గర అద్దం ముందు పదిసార్లు అనుకుని వెళ్లాను.

పూతరేకు తీయడం నేను అనుకున్నంత సులువు కాదు. ముందు నుంచి లైటు పడితే తెల్ల కాగితం మడతలా కనిపిస్తోంది, తినేదని తెలియట్లేదు. గంటసేపు కుస్తీ పట్టాను. అప్పుడు ఆవిడ పెరట్లో బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగి, రేకు తీసి, చూసుకోవడానికి ఎండకేసి పట్టింది. చెయ్యి అవతల నుంచి కనిపించింది. అంతే, దారి దొరికింది. కిటికీకి ఎదురుగా పెట్టి వెలుగు వెనక నుంచి రానిచ్చాను, ముందు పక్క తెల్ల అట్టముక్క. పొరలన్నీ విడివిడిగా, మధ్యలో నెయ్యి తడి, బెల్లం పొడి గింజలతో సహా కనిపించాయి. ఆవిడ స్క్రీన్ మీద చూసి "ఇది మాదే" అంది. బూడిదరంగు కార్డు వాడాను పద్మ గారూ, బెల్లంవీ పంచదారవీ రంగు తేడా తెలుస్తోంది.

18 ఐటెంలు, 3,600. సగం ముందే అడిగాను, ఇచ్చారు. మిగతాది ఫోటోలు పంపే ముందు ఫోన్‌పేలో వచ్చింది. ఆ అబ్బాయి చెప్పగా ఇంకో ఇంటివాళ్లు పిలిచారు. అక్కడ 12 ఐటెంలు, 2,400. మొత్తం 6 వేలు. అనుకున్నది ఈ నెలకి వచ్చింది. వచ్చే నెల సంగతి తెలియదు. వాయిదా మెసేజ్ వచ్చిన రోజు మా ఆవిడ చూసేలోపు నేనే ఫోన్ తీసి లెక్క చూపించాను.

బావమరిది కూడా ఫోన్ చేశాడు, వాళ్ల అమ్మాయికి ఓణీల ఫంక్షన్ అట. లక్ష్మి గారి మాట అడిగాను, "అతిథిగా రావాలా, కెమెరాతోనా" అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎంతవుతుంది బావా" అన్నాడు. చుట్టం కాబట్టి 4 వేలు చెప్పాను. ఆలోచించి చెబుతానన్నాడు, ఇంకా చెప్పలేదు. అయినా నా మనసు తేలిగ్గా ఉంది.

లెన్స్_లక్ష్మి
ఆ ఫోన్ చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. చాలా సంతోషంగా ఉంది.

సూర్యాపేట_స్టూడియో
ఎండకి పట్టినప్పుడు చూసినవు చూడు, అది పని వచ్చిన లక్షణం. రాజమండ్రిలో నాకు తెలిసిన స్టూడియో ఆయన ఉన్నడు, శ్రావణంలో సెకండ్ మనిషి కావాలంటున్నడు. నంబరు మెసేజ్‌లో పెడుతున్న. నా పేరు చెప్పు. రెండు బ్యాటరీలు, రెండు కార్డులు లేకుండా మాత్రం పోకు.

పులికాట్_పక్షి
ఆవిడ కుండ మీద రేకు తీస్తున్న ఫోటో తీశారా? ఆవిడ ఒప్పుకుంటే రిలీజ్ మీద సంతకం తీసుకుని స్టాక్‌లో పెట్టండి. పూతరేకు తయారీ ఫోటోలు మంచివి చాలా తక్కువున్నాయి.

కొవ్వూరు_కెమెరా
తీశాను. అడగడానికి మొహమాటపడ్డాను. ఈ ఆదివారం ప్రింటు ఒకటి పట్టుకెళ్లి ఇచ్చి అడుగుతాను. డబ్ల్యూ-8బెన్ కూడా నింపేశాను ఆడిటర్ గారూ.

గుంటూరు_పద్మ
దసరాకి నావి కొత్తవి 30 ఉన్నాయి. నాకు తీసే అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. గుంటూరు వస్తారా? రైలు ఛార్జీలు నావి, భోజనం మా ఇంట్లో. రేటు ఆత్రేయపురం రేటే.

కొవ్వూరు_కెమెరా
వస్తాను పద్మ గారూ. రెండో శనివారం కాలేజీ సెలవు. 30 ఐటెంలు, 6 వేలు, వారంలో ఇస్తాను. సగం అడ్వాన్స్.

గుంటూరు_పద్మ
సరే. నంబరు మెసేజ్‌లో పెట్టండి, ఇప్పుడే వేస్తాను. గోంగూర ముందు తీద్దాం.